గుగ్గిలం మూటలో ముగ్గుపిండి

ఒక మనిషి పేరు చెడగొట్టాను. ఆ చెడ్డపేరు పుణ్యమా అని వచ్చిన అన్నం ఇన్నేళ్ళుగా తింటున్నాను. ఈ బరువు ఇక మోయలేను కాబట్టి పత్రికలో వేస్తారని మీకు రాస్తున్నాను. నా పేరు రాయను. అది పిరికితనమే, నాకు తెలుసు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, అక్షరాలు వంకరగా వస్తాయి, సర్దుకుని చదవండి. కథలు చెప్పడం మాత్రం నాకు వచ్చు. మా వీధి పిల్లలకు అన్నం ముద్దలు పెడుతూ కథలు చెప్పేదాన్ని నేనే. ఏ పెళ్ళిలో ఎవరు అలిగి లేచిపోయారో, ఏ ఏడు వానకు ఎవరి గోడ కూలిందో నన్నే అడుగుతారు. అన్నీ చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం మొన్నటిదాకా నోట్లోంచి రాలేదు.

నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీద అంటే, చదువుతూ ఉండండి, ఒక్కొక్కరే వస్తారు. అందరికంటే ముందు నేనే ఉన్నాను.

మాది మద్రాసులో తొండియార్‌పేట. ఆదివారం సాయంత్రం అయిందంటే మగవాళ్ళు మా ఇంటి ముందరి తిన్నె మీద చేరతారు. మా మామ, మా ఆయన, నా తమ్ముడు ఎప్పుడూ ఉంటారు. వీధిలో పోయేవాళ్ళు కొందరు వచ్చి కూర్చుంటారు. వాళ్ళకు ఒకటే ధ్యాస, మా పేట ఫుట్‌బాల్ జట్టు. గెలిచిన ఆటల గురించి మాట్లాడితే తొందరగా అయిపోతుంది కాబట్టి ఓడిన ఆటల గురించి మాట్లాడతారు. అందులోనూ వాళ్ళకు బాగా ఇష్టమైన పంచాయితీ ఒకటుంది. ఇన్నేళ్ళలో మన జట్టుకు వచ్చిన గోల్‌కీపర్లలో అందరికంటే పనికిరానివాడు ఎవడు?

మా మామ తెల్లదొరల కాలం నుంచి మొదలుపెడతాడు. అప్పట్లో ఒకడుండేవాడట. మావాళ్ళు చీలమండలకు పట్టీలు చుట్టుకుని ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు, అవతల సోల్జర్లకు బూట్లు. బూట్లవాడు పరిగెత్తుకొస్తుంటే మన కీపరు గోలు వదిలి పక్కకు జరిగేవాడట. అడిగితే, దొర వస్తే దారియ్యాల కదబ్బా అనేవాడట. ఆ తర్వాత ఇంకొకడు. గోలు కొయ్యకు ఆనుకుని బీడీ ముట్టించుకుంటుంటే బంతి లోపలికి పోయింది. బీడీ మాత్రం ఆరనివ్వలేదు. ఇంకొకడికి పైనుంచి బంతి వస్తే కళ్ళు మూసుకునే అలవాటు. ఇంట్లో పని చెప్పినా అంతే చేస్తాడని వాడి పెళ్ళాం కుళాయి దగ్గర చెప్పిందట. ఇవన్నీ వింటూ వంటింట్లో నేనూ నవ్వుతాను. అబద్ధం ఎందుకు, నిజంగానే నవ్వు వస్తుంది.

ఆ తర్వాత మా మామ గొంతు సవరించుకుంటాడు. అక్కడితో నా నవ్వు ఆగిపోతుంది.

"వీళ్ళంతా చేతగానోళ్ళు పా. చేతగాకపోవడం తప్పు కాదు. ఆ దానియేలు తాగొచ్చి నిలబడినాడు సూడు, వాడికి ఎవుడూ సాటి రాడు."

అందరూ అవునంటారు. ఒకరిద్దరు వీధిలోకి ఉమ్ముతారు. ఇక ఆ ఆట మొదలు నుంచి చివరిదాకా చెప్పుకుంటారు. బంతి చేతుల్లోంచి చేపలాగా జారిపోయిందంటారు. నిలబడలేక నిలబడ్డాడంటారు. మా ఆయన లేచి తూలుతూ నడిచి చూపిస్తాడు. వీళ్ళలో ఎవడైనా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బంతి కోసం నేల మీద పడ్డవాడా? కూర్చున్నచోటు నుంచి లేచి చెంబుడు నీళ్ళు ముంచుకోలేరు. ఆ తూలడం చూసినప్పుడల్లా చేతిలో ఉన్న గరిటె విసిరికొట్టాలనిపించేది. ఎవరి మీదికి విసరాలి? నాకే తగలాలి అది.

నేను ఆ ఆట చూడలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు గ్రౌండుకు పోరు. అయినా అందులో జరిగింది నాకు తెలిసినంతగా వాళ్ళెవరికీ తెలియదు.

మా నాయన ఆ జట్టు సామాను చూసేవాడు. బంతులు, చొక్కాలు, వలలు అన్నీ మా ఇంట్లోనే ఉండేవి. ఆయన హార్బరులో పని చేసేటప్పుడు పడవల సందులకు గుగ్గిలం పూసేవాళ్ళను చూశాడు. గుగ్గిలం పొడి అరచేతికి రుద్దుకుంటే ఏది పట్టుకున్నా జారదు. దాన్ని మెత్తగా నూరి, పలచటి గుడ్డలో పిడికెడంత మూట కట్టి కీపరు చేతికిచ్చాడు. కీపరు దాన్ని గోలు కొయ్య పక్కన పెట్టుకుని, అప్పుడప్పుడు అరచేతులకు కొట్టుకునేవాడు. పొడి గుడ్డలోంచి సన్నగా రాలుతుంది. ఆ మూటతో మొదటిసారి ఆడినప్పుడు జట్టు గెలిచింది. అంతే, అది ఒక ఆచారం అయిపోయింది. మూట మా ఇంటి ఆడవాళ్ళే కట్టాలి. ఆట ఉన్న రోజు పొద్దున అమ్మవారి పటం కింద పెట్టి బొట్టు పెట్టాలి. ముడి వేశాక ఆట అయ్యేదాకా ఎవరూ విప్పకూడదు. విప్పితే జట్టుకు చేటు. అమ్మ తర్వాత ఆ పని నాకు వచ్చింది. నేను చేసుకున్నది మా మేనమామ కొడుకునే, వాళ్ళూ మాతోనే ఉండేవాళ్ళు, అందుకని పెళ్ళయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉన్నాను. నాయన పోయాక సామానంతా నా చేతికే వచ్చింది. జార్జి టౌన్‌లో మూలికల అంగటి నుంచి గుగ్గిలం తెప్పించి నూరేదాన్ని. ఆ ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

నా తమ్ముడు కూడా కీపరే. కానీ దానియేలు వచ్చాక వాడికి ఆట దొరకలేదు.

దానియేలు ఎక్కడివాడో సరిగ్గా తెలియదు, నెల్లూరు వైపు నుంచి తల్లితో వచ్చాడు. క్రైస్తవులు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, చేతులు మోకాళ్ళదాకా వేలాడేవి. బంతి ఎటు వస్తుందో దానికంటే ముందే అతనికి తెలిసేదని మా మామే చెప్పేవాడు, అప్పట్లో. నన్ను అక్కా అనేవాడు. ఆట ఉన్న రోజు మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి అన్నం తిని, మూట తీసుకుని పోయేవాడు. తిన్నె మీద కూర్చోబెట్టి ఆకులో వడ్డించేదాన్ని. లోపలికి రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. మా తమ్ముడు లోపల పీట మీద, అతను బయట తిన్నె మీద. అప్పుడు అది తప్పుగా అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. మూట ఇచ్చేటప్పుడు రెండు చేతులూ చాచి తీసుకునేవాడు. వాళ్ళ దేవుడు వేరు కదా, బొట్టు పెట్టిన మూటను అంత భక్తిగా ఎందుకు తీసుకునేవాడు? నా మీద నమ్మకం, అంతే.

ఆంధ్ర రాష్ట్రం కావాలని గొడవ జరుగుతూ, మద్రాసు మనదే అని గోడల మీద రాసి ఉన్న రోజులవి. కప్పు ఆట ఒకటి వచ్చింది. దానికి ముందురోజు క్లబ్బు సెక్రటరీ మా వీధికి వచ్చాడు. హార్బరు పక్కన వర్క్‌షాపులో పెద్దవాళ్ళంతా ఆయనకు తెలుసు. దానియేలు అప్పటికే అక్కడ తాత్కాలికంగా పని చేస్తున్నాడు. రేపు బాగా నిలబడితే దానియేలును పర్మినెంటు చేయిస్తాను, లేకపోతే ఆ చోటు నీ తమ్ముడికి చూస్తానమ్మా అని నాతో నవ్వుతూ చెప్పి పోయాడు. ఇద్దరు కుర్రాళ్ళ బతుకులు ఆయన నోట్లో వక్కాకు లాంటివి. నమిలి ఒకటి మింగుతాడు, ఒకటి ఉమ్ముతాడు.

నా తమ్ముడు పని లేక తిరుగుతున్నాడు. అమ్మ పోతూ పోతూ వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇది సాకా? రాస్తూ రాస్తూ నన్ను నేనే అడుగుతున్నాను. అవును, సాకే. పని లేని తమ్ముళ్ళు ఎంతమంది అక్కలకు లేరు?

ఆట రోజు పొద్దున వాకిలి కడిగి ముగ్గు వేస్తున్నాను. మాకు వాషర్‌మెన్‌పేట అంగడి నుంచి వచ్చే ముగ్గుపిండి తెల్లరాయి పొడి, చేతికి సబ్బులాగా నున్నగా తగులుతుంది. చుక్కలు పెడుతుంటే వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. అప్పుడు తట్టింది. ఎవరో చెప్పింది కాదు. ముందు నుంచి అనుకున్నదీ కాదు. చుక్కలు కలపకుండానే లేచి లోపలికి పోయాను. వాసన రావాలి కదా, అందుకని గుడ్డలో అడుగున కాస్త గుగ్గిలం వేశాను. మిగతాదంతా ముగ్గుపిండి. ముడి గట్టిగా వేశాను. పటం కింద పెట్టాను. బొట్టు కూడా పెట్టాను. నా చెయ్యి వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు నా మీద నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

ఒకటో రెండో బంతులు జారవిడుస్తాడు, అందరూ తిడతారు, నా తమ్ముడిని గోలులోకి దించుతారు అనుకున్నాను. వాన వస్తుందనుకోలేదు. ఆట మొదలైన కాసేపటికే దంచి కొట్టింది. తోలు బంతి నీళ్ళు తాగి బరువెక్కింది. తడి చేతులకు ముగ్గుపిండి సబ్బులాగా, పాచిలాగా జారుడైంది.

ఇప్పుడు చెప్పేది బాగా వినండి. మగవాళ్ళు దీన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నారో, చెప్పుకున్న ప్రతిసారీ నా గుండెలో ఎవరో సూదితో కుట్టారు. మొదటి బంతి జారి గోలు అయ్యాక దానియేలు పరిగెత్తిపోయి మూట తీసుకుని అరచేతులకు కొట్టుకున్నాడట. మళ్ళీ కొట్టుకున్నాడట. రెండోది జారింది. మళ్ళీ మూట దగ్గరికే పోయాడట. పిచ్చివాడిలాగా దాన్నే కొట్టుకుంటున్నాడు, తాగినోడికి ఏం తెలుస్తుంది అని వాళ్ళు నవ్వుతారు. అతను చేతులు బాగుచేసుకుంటున్నాను అనుకుంటున్నాడయ్యా. ఎంత జారితే అంత నా మూటను నమ్ముకున్నాడు. మధ్యలో ఆట ఆపినప్పుడు ఎవరో ముడి విప్పి చూడరా అన్నారట. ఆట అయ్యేదాకా విప్పకూడదు, అక్క కట్టింది అన్నాడట. మూడోది నేరుగా గుండెల మీదికి వచ్చి, చేతుల్లోంచి జారి, కాళ్ళ సందులోంచి పోయింది.

తాగి వచ్చాడని మొదట ఎవరన్నారో తెలియదు. ఆ మాటకు కాళ్ళు వచ్చాయి. మద్యనిషేధం రోజులు, తాగాడంటే పోలీసులు పట్టుకుపోతారు, పనిలోంచి తీసేస్తారు. ఆ క్రైస్తవులు గుడిలోనే ద్రాక్షసారా తాగుతారు కదా అని ఒకడన్నాడట. అంతే, అందరికీ అర్థమైపోయింది. ఆ మాటన్నవాడి నోరు పడిపోవాలని తిట్టుకున్నాను. నిజం తెలిసిన నా నోరు మాత్రం మూసుకునే ఉంది.

మరునాడు పొద్దున్నే దానియేలు వచ్చాడు. ఎప్పుడూ చొక్కాలు నేనే ఉతుకుతాను. ఆ రోజు అతనే ఉతికి, మడత పెట్టి తెచ్చాడు. తిన్నె ఎక్కలేదు. కింద నిలబడ్డాడు.

"అక్కా, సెక్రటరీ అయ్య నేను తాగొచ్చినానంటా ఉండాడు. మద్దేనం నీ చేతి అన్నం తిని ఈడినించే కదా నేను పోయింది. నా నోట్లో వాసనేమన్నా వచ్చిందా? నువ్వొక్క మాట చెప్తే నమ్ముతారక్కా. నీ మాట ఈ పేటలో ఎవురూ తీసెయ్యరు."

లోపల నా తమ్ముడు పళ్ళు తోముకుంటున్నాడు. ఆ చప్పుడు ఆగిపోయింది.

"నాకేం తెలుసు నాయనా," అన్నాను. "ఆడదాన్ని. ఆడ నువ్వు ఏం తాగినావో, ఏం చేసినావో నేనేం చూసినానా?"

అతను నా ముఖం వంక చూశాడు. కోపంగా కాదు. ఏదో సరిగా వినపడనట్టు చూశాడు.

"సెరి అక్కా," అన్నాడు. జేబులోంచి మూట తీసి తిన్నె మీద పెట్టాడు. "వానకి బాగా నానిపోయింది. ఎండలో పెట్టు."

ముడి అలాగే ఉంది. విప్పలేదు. విప్పి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నేను దాన్ని తీసుకుపోయి పొయ్యిలో వేశాను. గుగ్గిలం భగ్గుమని పొగలేచింది. ముగ్గుపిండి కాలలేదు, బూడిదలో తెల్లటి ముద్దగా మిగిలింది. దాన్ని గరిటెతో పొడిచి పొడిచి కాలవలో పారబోశాను.

మూటలో పిండి వేసింది అసూయో, తమ్ముడి మీది ప్రేమో, ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. నాకేం తెలుసు అన్న మాటకు ఏ పేరు పెట్టను? అప్పటికి ఆట అయిపోయింది. వర్క్‌షాపులో చోటు ఎలాగూ నా తమ్ముడికే వస్తుంది. నేను నోరు విప్పి ఉంటే అతను ఆటలో ఓడినవాడిగా మిగిలిపోయేవాడు, అంతే. తాగుబోతు అనిపించుకునేవాడు కాదు. ఒక్క మాట చెబితే నాకు పోయేదేముంది? ఏమీ లేదు. అయినా చెప్పలేదు. చెబితే ఎవరైనా మూట గురించి అడుగుతారేమోనని భయం. నా చిన్న భయానికి అతని బతుకంతా ఖర్చుపెట్టాను.

అతన్ని పనిలోంచి తీసేశారు. తల్లీ కొడుకూ పేట వదిలి పోయారు. నా తమ్ముడు వర్క్‌షాపులో చేరాడు. ఆ జీతంతోనే మా ఇంటి కప్పుకు కొత్త పెంకులు వేశాం. ఆ జీతంతోనే వాడికి పెళ్ళి చేశాం. గోలులో కూడా వాడే నిలబడ్డాడు. మొదటి ఆటకు మూట కట్టి ఇవ్వబోతే, నాకొద్దులే అక్కా, నేను మట్టి రుద్దుకుంటాను అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదా? అయింది. మూట పొయ్యిలో వేస్తుంటే చూసే ఉంటాడు, వాడికి తెలుసని నాకు తెలిసింది. నాకు తెలిసిందని వాడికీ తెలుసు. ఒకే కంచం దగ్గర కూర్చుని ఇన్నేళ్ళు ఇద్దరం ఏమీ ఎరగనట్టు తిన్నాం. ఆదివారాలు దానియేలు పేరు వస్తే వాడు వీధి చివరకు చూస్తూ కూర్చుంటాడు, నేను పోపు మాడ్చుకుంటాను.

మొన్న ఆదివారం మా ఆయన కొత్త ముచ్చట తెచ్చాడు. లారీ మీద ఎన్నూరు ఉప్పుకొఠార్లకు పోయాడట. అక్కడ ఉప్పు మోస్తున్నవాళ్ళలో దానియేలు కనిపించాడట. లారీ మీద నుంచే, ఏం కీపరూ, ఈడ బంతులేమన్నా పట్టుకుంటా ఉండావా అని కేకేశాడట. అది చెప్పి పడీ పడీ నవ్వాడు. వాడేమన్నాడు అని అందరూ అడిగారు.

"ఏమంటాడు? పగిలిపోయిన చేతులు ఎండకి అట్లా అడ్డం పెట్టుకోని సూసినాడు. నన్ను గుర్తుపట్టి నవ్వినాడు పా. అక్క బాగుండాదా అని అడిగినాడు."

మళ్ళీ నవ్వులు.

నేను వంటింట్లోంచి లేచాను. మగవాళ్ళు కూర్చున్నప్పుడు మేము తిన్నె మీదికి పోము. పోయాను. పోయి నిలబడి చెప్పాను. పిండి సంగతి, మూట సంగతి, నేనన్న మాట సంగతి, అన్నీ. కోపంతో చెబితే గొంతు వణకదని ఆ రోజే తెలిసింది.

నా తమ్ముడు లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మా ఆయన, గమ్మునుండు, లోపలికి పో, ఈ మాట వర్క్‌షాపులో తెలిస్తే వాడి పని ఏమవుతుంది అన్నాడు. అతనికి వచ్చిన మొదటి ఆలోచన అది. మా మామ ఆకు నమలడం ఆపాడు. అంత పెద్దమనిషి, ఏదో ఒకటి అంటాడని చూశాను.

"అదంతా సరేమే," అన్నాడు. "మొదటి రెండూ పోనీ. ఆ మూడోది నేరుగా వాడి మీదికే వచ్చిందా లేదా? కాళ్ళు దగ్గర పెట్టుకోని ఉంటే ఆగుండును కదా."

పక్కవాడు అవునన్నాడు. ఇంకొకడు, తడి నేల మీద కాళ్ళు ఎట్లా నిలుస్తాయి అన్నాడు. చూస్తుండగానే వాదం మొదలైంది. నేను నిలబడే ఉన్నాను. ఒక మనిషి బతుకు వాళ్ళ ముందు పెట్టాను, వాళ్ళు దాన్ని కూడా తన్నుకోవడం మొదలుపెట్టారు. దానియేలు చెత్త కీపరా కాదా అన్నది ఇంకా తేలలేదట. వచ్చే ఆదివారం మాట్లాడతారట.

ఆ రోజు నుంచి నా తమ్ముడు మా ఇంటి గడప తొక్కడం లేదు. మా ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఎన్నూరు పోవాలంటే బస్సుంది. నేను ఎక్కలేదు. పోయి ఏం చెప్పను? నన్ను క్షమించు అంటే అతను సెరి అక్కా అంటాడు. అట్లాంటి మనిషి అతను. ఆ మాట అతని నోటి నుంచి ఇంకోసారి నేను వినలేను. క్షమించమని మిమ్మల్నీ అడగడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టండి.

తిన్నె మీద చెప్పినది తిన్నె మీదే ఉండిపోతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దానియేలు మా తిన్నె మీద కూర్చుని చారన్నం, వంకాయ కూర తిన్నాడు. రెండు చెంబుల మంచినీళ్ళు తాగాడు. ఆకు తీసి తనే బయట పడేశాడు. నా ఎదురుగా నిలబడి మాట్లాడాడు, నవ్వాడు, పోయొస్తా అక్కా అన్నాడు. అతని దగ్గర ఏ వాసనా లేదు. అతను తాగలేదు. నేను చూశాను.